దుప్పిని మోసం చేసే దొంగ గీకుడు – అమెరికా వేట చరిత్ర, మన చేల గోడు

పోయినసారి అడవి పందుల మీద రాస్తే చానామంది "జింకల సంగతి కూడా రాయన్నా" అన్నారు. రాస్తున్నా. కాకపోతే ఈసారి కథ మన ఊరిది కాదు, అమెరికాది. కొంచెం పొడుగుంటుంది. సాయంత్రం పనులన్నీ అయినాక తీరిగ్గా చదవండి.

అమెరికాలో విస్కాన్సిన్ అని ఒక రాష్ట్రం ఉంది. పాలకు, జున్నుకు పేరున్న చోటు. మొక్కజొన్న, సోయా చేలు, మధ్యమధ్య అడవి తునకలు. తుపాకీతో దుప్పి వేటకు అక్కడ ముఖ్యమైన సీజన్ తొమ్మిది రోజులే. నవంబరులో వాళ్ల థాంక్స్‌గివింగ్ పండుగకు ముందటి శనివారం మొదలవుతుంది. వేటగాడి పని మాత్రం రెండు నెలల ముందే మొదలు. మోకాలి దాకా రబ్బరు బూట్లు, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, పళ్లున్న చిన్న పార ఒకటి పట్టుకుని, చేను దాటి అడవి అంచుకు పోతాడు. రబ్బరు ఎందుకంటే మనిషి వాసన నేలకు అంటకూడదని.

దుప్పులు నడిచే బాట పక్కన, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున కిందికి వంగిన కొమ్మ ఉన్న చెట్టు వెతుకుతాడు. ఆ కొమ్మ కింద ఆకులు, గడ్డి పక్కకు లాగి, రెండు మూడడుగుల జాగా మట్టి తేలేదాకా గీకుతాడు. సీసాలో తెచ్చిన దుప్పి మూత్రం కాస్త ఆ మట్టి మీద చల్లుతాడు. పైన కొమ్మ కొసలు నలిపి, విరిచి వదిలేస్తాడు. ఎదురుగా ఇంకో చెట్టుకు కెమెరా కట్టి ఇంటికి పోతాడు. అంతే. ఆ రోజు వేట లేదు, తుపాకీ లేదు.

దీన్ని వాళ్లు 'మాక్ స్క్రేప్' అంటారు. నేను దొంగ గీకుడు అంటా.

అసలు గీకుడు ఏందో చెప్పాలి గదా. ఆ దేశంలో ఎక్కువగా ఉండేది తెల్లతోక దుప్పి. బెదిరితే తోక లేపుతుంది, తోక అడుగున తెల్లగా మెరుస్తుంది, అందుకే ఆ పేరు. మన చుక్కల దుప్పికి మాదిరే దీని మగదానికి కొమ్ములు ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. మన కృష్ణజింకకు రాలవు, దానిది వేరే వంశం. శరత్కాలంలో పగటి పొద్దు తగ్గేకొద్దీ మగ దుప్పికి మదం ఎక్కుతుంది. మెడ లావవుతుంది, చెట్లకు కొమ్ములు రుద్దుతుంది. అప్పుడే ఈ గీకుడు కూడా. వంగిన కొమ్మను నోట్లో పెట్టుకుని నాకుతుంది, కంటి కొసన ఉండే గ్రంథినీ నుదుటినీ దానికి రాస్తుంది. ముందు కాళ్లతో కింద నేల గీకుతుంది. ఆ మట్టిలో నిలబడి వెనక కాళ్లు దగ్గరికి చేర్చి, మోకీళ్ల దగ్గరుండే బొచ్చు కుచ్చుల మీదుగా మూత్రం కారేట్టు పోస్తుంది.

మేకపోతును పెంచినోళ్లకు దీంట్లో వింత ఏమీ ఉండదు. ఎద కాలంలో పోతు తన గడ్డం మీద, ముందు కాళ్ల మీద తానే పోసుకుని ఊరంతా కంపు చేస్తుంది గదా, అదీ ఇదే లెక్క. దున్నపోతు బర్రె వెనక మూతి పైకెత్తి, పెదవి మడిచి గాలి పీలుస్తుందే, మగ దుప్పి కూడా అట్లనే చేసి ఆడది ఎదకు వచ్చిందో లేదో తెలుసుకుంటుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో నవంబరు నడుమ ఎద జోరు మీద ఉంటుంది. చూలు ఆరున్నర నెలలు. మే చివర్న, జూన్‌లో పిల్లలు పుడతాయి, అప్పటికి మంచు పోయి మేత లేచి ఉంటుంది. ప్రకృతి లెక్క అట్లా కుదిరింది. గీకుళ్లు ఎక్కువ కనపడేది ఈ ఎద జోరుకు కొంచెం ముందు, అక్టోబరు చివర్న. తుపాకీ సీజనుకు ముందు వేటగాడు అడవిలోకి పోయేది అందుకే. 'ఇక్కడ ఇంకో మగదుంది' అని దుప్పికి అబద్ధం చెప్పి, దాన్ని ఆ చెట్టు కిందికి అలవాటు చేయడం ఆయన పని.

దుప్పిని మోసం చేయడం ఆ గడ్డ మీద కొత్త కాదు. 1560ల్లో ఫ్రెంచి వాళ్లు ఫ్లోరిడాకు వచ్చినప్పుడు వాళ్లతో లె మొయిన్ అనే చిత్రకారుడు ఉన్నాడు. ఆయన బొమ్మల్ని చూసి చెక్కామని చెప్పి డె బ్రై అనే ఆయన 1591లో ఒక పుస్తకం అచ్చేశాడు. అందులో తిముకువా జాతి వాళ్లు దుప్పి తోలు తలతో సహా కప్పుకుని, వంగి, వాగు ఒడ్డున నీళ్లు తాగే దుప్పుల దగ్గరికి పోతున్న బొమ్మ ఉంది. మన దగ్గర కౌజు పిట్టను పంజరంలో పెట్టి కూయించి, ఆ కూతకు పోట్లాటకు వచ్చిన అడవి కౌజును ఉచ్చులో పట్టేవాళ్లు గుర్తుందా? (ఇప్పుడు అది నేరం, ఎవరూ చేయొద్దు.) రెండింటి కిటుకూ ఒకటే. ప్రాణికి ఉన్న పౌరుషాన్నో, తోటి ప్రాణి మీది నమ్మకాన్నో వాడుకోవడం.

తిముకువాల లాంటి వాళ్లు తిండికీ బట్టకూ చంపారు. తర్వాత వచ్చింది బేరం. ఇంగ్లండులో చేతి తొడుగులకు, ప్యాంట్లకు దుప్పి తోలు కావాల్సి వచ్చింది. చార్లెస్టన్ రేవు నుంచి 1700 చుట్టుపక్కల ఏటా సగటున యాభై వేలకు పైగా తోళ్లు ఓడలెక్కాయి. క్రీక్, చెరోకీ జాతుల వాళ్లు తోళ్లు ఇచ్చి తుపాకులు, గుడ్డలు, సారాయి తీసుకునేవాళ్లు. అప్పులు పెరిగాయి. అప్పు తీర్చడానికి ఇంకా ఎక్కువ చంపాల్సి వచ్చేది, చివరికి భూములే పోయాయి. షావుకారు ఖాతాలో పడ్డ రైతు గతి ఎట్లుంటుందో మనకు చెప్పక్కర్లేదు. మగ దుప్పిని వాళ్ల భాషలో 'బక్' అంటారు. డాలరును ఇప్పటికీ 'బక్' అంటున్నారంటే అది ఆ తోళ్ల లెక్క నుంచి వచ్చిందే అని చెబుతారు.

అసలు దెబ్బ మాత్రం 1865లో వాళ్ల అంతర్యుద్ధం ముగిసినాక పడింది. ఒక్కో తూటా నింపక్కర్లేకుండా వరసగా పేలే తుపాకులు వచ్చాయి. రైలు వచ్చింది. ఐసు గడ్డలు నింపిన రైలు పెట్టెలు వచ్చాయి. అడవిలో కొట్టిన మాంసం చికాగో, న్యూయార్క్ హోటళ్లకు చెడకుండా చేరేది. జీతం లేకుండా చంపడమే బతుకుతెరువుగా బతికే వేటగాళ్లు తయారయ్యారు. కుక్కలతో, రాత్రి దీపాలతో, మంచులో కూరుకుపోయి కదల్లేని వాటిని సైతం కొట్టారు. ఒకప్పుడు కోట్లలో ఉన్న దుప్పులు 1900 నాటికి దేశం మొత్తం మీద ఐదు లక్షల లోపుకు పడిపోయాయని అంచనా. చాలా రాష్ట్రాల్లో పిల్లలు దుప్పిని చూడకుండానే పెద్దయ్యారు. జార్జియా ఉత్తర కొండల్లో చిట్టచివరి దుప్పిని 1895లో కొట్టింది ఆర్థర్ వుడీ అనే కుర్రాడి తండ్రేనని అక్కడ చెప్పుకుంటారు. ఆ కుర్రాడు పెద్దై ఫారెస్టు రేంజర్ అయ్యాడు. 1927లో సొంత డబ్బుతో దుప్పి పిల్లల్ని కొని, పెంచి, ఆ కొండల్లోనే వదిలాడు. జార్జియా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. వాళ్లు దుప్పుల్ని ఎట్లా కాపాడుకున్నారు అంటే చానామంది 'వేట బంద్ చేసి ఉంటారు' అనుకుంటారు. కొన్నిచోట్ల కొన్నేళ్లు బంద్ చేశారు, నిజమే. కానీ వేటతో పాటు అమ్మకాన్ని కూడా బిగించారు. అయోవా రాష్ట్రపు కాంగ్రెస్ సభ్యుడు జాన్ లేసీ పేరున 1900లో వచ్చిన చట్టం ఒక రాష్ట్రంలో చట్టం తప్పి చంపినదాన్ని ఇంకో రాష్ట్రానికి పంపి అమ్మడాన్ని నేరం చేసింది. రాష్ట్రాలు కూడా వేట మాంసం అమ్మకాన్ని ఒకటొకటిగా ఆపేశాయి. ఇప్పటికీ ఆ దేశంలో లైసెన్సుతో అడవి దుప్పిని కొట్టిన వాడు ఇంటికి తీసుకుపోయి తినొచ్చు, చుట్టాలకు పంచొచ్చు, దాని మాంసం అమ్మడానికి లేదు. బేరం పోయేసరికి చంపేవాళ్లలో పెద్ద భాగం తానంతట తానే పోయింది. నా మటుకు నాకు ఈ చరిత్ర మొత్తంలో ఇదే తెలివైన పని అనిపిస్తుంది.

రెండోది డబ్బు. 1937లో రూజ్‌వెల్ట్ సంతకం పెట్టిన పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం వేట తుపాకులు, తూటాల మీద వచ్చే పన్ను ఖజానాలో కలిసిపోదు. వన్యప్రాణుల పనికే రాష్ట్రాలకు పోతుంది. ఇప్పుడు ఆ పన్ను 11 శాతం. ఆ డబ్బుతో దుప్పులున్న చోట వలేసి పట్టి, లేని చోట వదిలారు.

మూడోది ఒక ఈగ. ఇది మన పశువుల వాళ్లు తప్పక తెలుసుకోవాలి. పశువు పుండులో పురుగులు పడతాయి గదా, మనం కర్పూర తైలం పోసి తీస్తాం. అమెరికా దక్షిణాదిలో అలాంటిదే ఒక ఈగ, బతికున్న కండనే తినే పురుగుది. అప్పుడే పుట్టిన దూడ బొడ్డు మీద గుడ్లు పెట్టేది, దుప్పి పిల్ల బొడ్డు మీద కూడా. దక్షిణాదిలో దుప్పులు పెరగకపోవడానికి అదొక పెద్ద కారణం. నిప్లింగ్, బుష్‌ల్యాండ్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సంగతి పట్టుకున్నారు: ఈ ఆడ ఈగ జీవితంలో ఒక్కసారే జత కడుతుంది. అయితే మగ ఈగల్ని లక్షల్లో పెంచి, రేడియేషన్‌తో గొడ్డువి చేసి, విమానాల్లోంచి వదిలితే? ఆడవి వాటితో జత కట్టి ఉత్త గుడ్లు పెడతాయి. 1954లో కురసావ్ దీవిలో చేసి చూశారు, కొన్ని వారాల్లోనే ఈగ మాయమైంది. తర్వాత ఫ్లోరిడా, తర్వాత టెక్సాస్. 1966కు దేశంలో ఆ ఈగ స్థిరంగా లేకుండా పోయిందని ప్రకటించారు. ఆవుల కోసం చేసిన పని దుప్పులకు కలిసొచ్చింది.

ఇంతకీ దుప్పులు పెరిగితే బాధ తీరిందా? ఇంకో బాధ మొదలైంది. విస్కాన్సిన్‌లో 1940ల నాటికే దుప్పులు అడవిలో లేత మొక్కను బతకనీయక, చలికాలంలో మేత లేక ఆకలికి చచ్చేవి. ఆల్డో లియోపోల్డ్ అని అక్కడి యూనివర్సిటీ ప్రొఫెసర్ 'ఆడవాటిని కూడా తగ్గించకపోతే అడవీ పోతుంది, దుప్పీ పోతుంది' అన్నాడు. 1943లో ఆడవి, పిల్లలు సహా కొట్టడానికి అనుమతిస్తే లక్షకు పైగా పడ్డాయి. జనం మండిపడ్డారు. అంతకు ముందు ఏడాదే, 1942లో, తల్లిని వేటగాడు చంపితే అనాథైన దుప్పి పిల్ల కథతో 'బ్యాంబీ' బొమ్మల సినిమా వచ్చింది, అది చూసి ఏడ్చిన వాళ్లకు లియోపోల్డ్ మాట ఎక్కుతుందా! లియోపోల్డ్ 1948లో పక్క రైతు పొలంలో అంటుకున్న గడ్డి మంట ఆర్పడానికి పోయి, అక్కడే గుండె ఆగి చనిపోయాడు. ఆయన మాటను ఆ రాష్ట్రం నిదానంగా ఒప్పుకుంది. ఇప్పుడు అమెరికాలో తెల్లతోక దుప్పులు దాదాపు మూడు కోట్లు అని అంచనా.

దొంగ గీకుడు పుట్టింది ఈ దుప్పుల పంట మీదే. దేశంలో ఐదు లక్షలున్నప్పుడు ఏ చెట్టు కింద గీకినా వచ్చి చూసే దుప్పి లేదు. మళ్లీ జార్జియాకే పోవాలి. ఆర్థర్ వుడీ పిల్లల్ని వదిలిన అదే రాష్ట్రంలో, యూనివర్సిటీ ప్రొఫెసర్ లారీ మార్చింటన్, ఆయన దగ్గరి వాళ్లు దుప్పుల వెంట పడి, గీకుడు ఎందుకు, రుద్దుడు ఎందుకు అని గమనించి రాశారు. 1974లో అచ్చైన ఆ రాత తర్వాత వేటగాళ్ల పత్రికల్లో, సంఘాల్లో ఇదే ముచ్చట. ఎవరైనా గీకొచ్చు గదా అని మొదలుపెట్టారు. వెంటనే వ్యాపారం దిగింది. దుప్పుల్ని కొట్టాల్లో పెంచి, జాలీల కింద మూత్రం పట్టి, సీసాల్లో నింపి అమ్మడం. ఎదకొచ్చిన ఆడదాని మూత్రం అని ఒకటి, మదించిన మగదానిది అని ఒకటి. సీసా మీద రాసిందంతా నమ్మి మందు కొనే అలవాటు మనకూ ఉంది కాబట్టి నవ్వడానికి లేదు.

తర్వాత చెట్లకు కెమెరాలు కట్టి చూస్తే కొన్ని నమ్మకాలు పోయాయి. ఒక గీకుడు ఒక మగదాని సొంత జాగా అనుకునేవాళ్లు. కాదు, ఒకే చోటికి ఎన్నో మగవి వస్తాయి, ఆడవి, పిల్లలు కూడా వస్తాయి. మన ఊరి రచ్చబండ లాంటిది, ఎవరొచ్చారు, ఎవరు పోయారు అని వాసనతో తెలుసుకునే చోటు. ఇంకోటి, ఆ రాకపోకల్లో ఎక్కువ భాగం రాత్రిళ్లే. ఆ దేశంలో రాత్రి దుప్పిని కొట్టడం నేరం. అంటే గీకుడు దగ్గర మాటు వేసిన వాడికి పగలు ఉత్త చెట్టే మిగలొచ్చు. అందుకని ఇప్పుడు తెలిసిన వాళ్లు దొంగ గీకుడును చంపే చోటుగా కాక లెక్కపెట్టే చోటుగా వాడుతున్నారు. ఏ మగది ఉంది, వయసెంత ఉండొచ్చు, ఏ వైపు నుంచి వస్తోంది అని చూడటానికి. మట్టిలో పోసే మూత్రం కన్నా పైనున్న నాకే కొమ్మే ముఖ్యమనీ, సరైన చోట సరైన కొమ్మ ఉంటే ఏ సీసా లేకపోయినా దుప్పి వస్తుందనీ చాలామంది అంటున్నారు.

సీసా మీద ఇంకో పిడుగు పడింది. 1967లో కొలరాడోలో పరిశోధనకు పెంచిన దుప్పులు చిక్కిశల్యమై, చొంగ కార్చి, తూలి చచ్చాయి. అది మెదడును జల్లెడ చేసే రోగం. సూక్ష్మజీవి కాదు, వంకర తిరిగిన ఒక ప్రొటీను. ఉడకబెట్టినా చావదు, నేలలో ఏళ్ల తరబడి ఉంటుంది. మందు లేదు. మనుషులకు వచ్చినట్టు ఇప్పటిదాకా దాఖలా లేదు. 2002లో విస్కాన్సిన్‌లో బయటపడింది, ఇప్పుడు 30కి పైగా రాష్ట్రాల్లో ఉంది. రోగమున్న దుప్పి మూత్రంలో కూడా ఆ ప్రొటీను ఉంటుంది. ఎక్కడో పెంపకం కొట్టంలో పట్టిన మూత్రాన్ని ఇంకో రాష్ట్రపు అడవిలో, అన్ని దుప్పులూ వచ్చి మూతి పెట్టే చోటే పోస్తున్నామని అప్పుడు తెలివొచ్చింది. వర్జీనియా 2015లో అసలు దుప్పి మూత్రాన్ని వేటకు వాడటం నిషేధించింది. ఇంకొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. ఇప్పుడు అలాంటి చోట్ల కృత్రిమంగా తయారు చేసిన వాసనలు, లేదంటే నాకే కొమ్మకు బదులు ఒక జనపనార తాడు ముక్క.

ఇక అక్కడి రైతు సంగతి. దుప్పి మొలక సోయా తింటుంది, పాలు పట్టే మొక్కజొన్న కంకి తింటుంది, ఆపిల్ మొక్క చిగురు తింటుంది. అక్కడ కూడా అడవి జంతువు భూమి ఉన్నవాడిది కాదు, ప్రభుత్వానిది. విస్కాన్సిన్‌లో ఏం చేశారంటే, వేట లైసెన్సుల డబ్బులోంచి కొంత తీసి పంట నష్టానికి పరిహారం ఇచ్చే పథకం పెట్టారు. జిల్లా మనిషి చేనుకు వచ్చి నష్టం లెక్కేస్తాడు. పరిహారం కావాలంటే రైతు కూడా తన పొలంలోకి వేటగాళ్లను రానివ్వాలి. నష్టం మరీ ఎక్కువైతే సీజను కాకపోయినా కొన్నిటిని కొట్టడానికి రైతుకు పర్మిట్ ఇస్తారు. దుప్పిని కొట్టిన ప్రతివాడూ దాన్ని నమోదు చేయాలి. ఆ లెక్కలను బట్టి వచ్చే ఏడు ఏ జిల్లాలో ఎన్ని ఆడవాటికి పర్మిట్ ఇవ్వాలో తేలుస్తారు. అంతా సవ్యంగా ఉందని కాదు, అక్కడి రైతులూ తిట్టుకుంటూనే ఉంటారు. రోడ్ల మీద దుప్పులకు బండ్లు గుద్దుకోవడమే ఏటా పది లక్షలకు పైగా అని బీమా కంపెనీల లెక్క.

మన చరిత్ర ఇంకో దారిన పోయింది. మొదట వేట దొరల సొత్తు. హైదరాబాదులో ఇప్పుడు హరిణ వనస్థలి అని పార్కుగా ఉన్నది నిజాం వేట అడవే. స్వాతంత్ర్యం వచ్చినాక జీపులు, సర్చిలైట్లు వచ్చి కృష్ణజింకల్ని ఊడ్చేశాయి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. దాంతో జింకలు నిలిచాయి, అది మంచే. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. పక్షి తగ్గిపోయింది, జింక పెరిగింది, చుట్టుపక్కల చేలల్లో పడింది. నారాయణపేట వైపు కృష్ణా ఒడ్డు పల్లెల్లో పత్తి, కంది, శనగ రైతులదీ అదే గోస.

నేను జింక వేట కావాలని అడగడం లేదు, ఎవరూ అపార్థం చేసుకోవద్దు. జింకను ముట్టుకుంటే జైలే, ముట్టుకోవద్దు కూడా. నేను అడిగేది లెక్క. ఏ మండలంలో ఎన్ని జింకలు, ఏ నెలలో ఏ పంట మీద పడుతున్నాయి, ఎన్ని ఎకరాలు పోయాయి అన్న కాగితం మన చేతిలో లేనంతకాలం మన మాట గాలి మాటే. మా పక్క ఊరి రైతు ఒకాయన మొన్న శనగ పోయిందని అర్జీ పెడితే, 'జింకే తిన్నదని రుజువేది' అన్నారట. ఆయన దగ్గర లేదు.

కాబట్టి ఈ రబీలో ఒక పని చేద్దాం. చేనులో జింకలు కనిపించిన ప్రతిసారీ తేదీ, పొద్దు, ఎన్ని, ఏ పంట, పంట ఎన్ని రోజులది, ఎన్ని సెంట్లు పోయింది, ఇవి ఒక నోట్‌బుక్కులో రాయండి. ఫొటో తీస్తే తేదీ పడేట్టు పెట్టుకుని తీయండి, గిట్టల గుర్తులవి కూడా. సర్వే నంబరు రాయడం మరవద్దు. సంక్రాంతి లోపు నాకు పంపిన వాళ్లవన్నీ ఊరి వారీగా ఒక పట్టికలో పెడతా.